సున్నం కొట్టిన తోట

చదివేవారు ముందు నన్ను మన్నించాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు పుట్టాక, వయోజన విద్య బడిలో. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సరిచేసుకుని చదువుకోండి. చెయ్యి నెమ్మది, కళ్ళు అంతకంటే నెమ్మది. అందుకే ఈ కథ రాయడానికి ఇంతకాలం పట్టింది.

గోదావరి వైనతేయ పాయ ఒడ్డున, రాజోలు వెళ్ళే దారికి కాస్త దిగువగా, ఏటిగట్టు మీద ఒక పాలెం ఉంది. గట్టు పొడవునా వరసగా తాటాకిళ్ళు, చివర పెంకుల కప్పుతో ప్రార్థన మందిరం. ఒక పక్క ఏరు. రెండో పక్క, గట్టు దిగితే, పల్లంలో సోమేశ్వరరావుగారి కొబ్బరితోట. పాలెంలో అందరూ క్రైస్తవులే, అందరూ కూలి చేసుకుని బతికేవాళ్ళే. తాతల నాడు ఊళ్ళో ఎవరూ చోటివ్వకపోతే గట్టెక్కి గుడిసెలు వేసుకున్నారు. అప్పటినుంచి వాళ్ళకి భూమి అంటే ఆ గట్టే.

ఎలీసమ్మ ఇల్లు వరసలో మధ్యన ఉండేది. ఆవిడ పెనిమిటి యాకోబు సోమేశ్వరరావుగారి తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. ఒక్కతే కూతురు దీనమ్మ. ఆ పిల్లకి పసితనంలో జ్వరమొచ్చి నడుం కిందనుంచి కాళ్ళు చచ్చుబడిపోయాయి. రెండు చేతులూ నేలకి ఆన్చి జరుగుతూ తిరిగేది. నవ్వు ముఖం. కొబ్బరాకులు నేయడంలో పాలెం అంతటికీ ఆ పిల్లే ముందు.

ఎనభైయారు ఆగస్టులో గోదావరికి వరద వచ్చిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజు పొద్దున్న దీనమ్మ నీడపట్టున కూర్చుని ఆకులు నేసుకుంటానని తోటలోకి దిగింది. ఎగువన ఎక్కడో గట్టు తెగిందన్న కేక వినపడేసరికి తోటలోకి నీళ్ళు వచ్చేశాయి. ఎలీసమ్మ గట్టు మీదనుంచి దూకి, పిల్లని భుజాల మీద ఎక్కించుకుని, చెట్టు చెట్టూ పట్టుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ తరవాత వారం పదిరోజులు అటూ ఇటూ నీళ్ళే. మధ్యన గట్టు ఒక్కటే మిగిలింది, దాని మీద వీళ్ళు మిగిలారు. అప్పటినుంచి ఎలీసమ్మకి నిద్రలో కూడా చెవిలో నీటి చప్పుడు వినపడేది. లేచి తడుముకుని, పిల్ల పక్కనే ఉందనీ, కింద గట్టు ఉందనీ తెలుసుకుని మళ్ళీ పడుకునేది.

ఆ చలికాలంలోనే ఇంజినీర్లు వచ్చి ఇంటింటి గోడ మీదా ఎర్రరంగుతో గుర్తులు పెట్టి వెళ్ళారు. గట్టు ఎత్తు చేస్తారట, వెడల్పు చేస్తారట, దాని మీద ఇక మనిషన్నవాడు ఉండకూడదట. బదులుగా అందరికీ పల్లపు తోటలో ఒక మూల ఇళ్ళ స్థలాలు ఇస్తారట. సోమేశ్వరరావుగారు ఆ మూలని ప్రభుత్వానికి అమ్మడానికి ఒప్పుకున్నారట.

ఎర్రగుర్తు చూసినప్పుడు ఎలీసమ్మ గట్టు అంచుకి వచ్చింది. తోట వైపు చూసింది. కొబ్బరి మానులన్నిటి మీదా వరద బురద గీత ఇంకా అలాగే ఉంది, ఎవరో తాడు పట్టి గీసినట్టు, అన్నిటికీ ఒకే ఎత్తున.

మందిరం అరుగు మీద అందరూ చేరారు. సాలమోను మాస్టారు ఆ పాలెంలో పుట్టి చదువుకుని, పక్క ఊళ్ళో సర్కారు బడిలో పంతులైన మనిషి. సంగతంతా ఆయనే విడమరచి చెప్పాడు.

"గట్టు పనికి డబ్బిచ్చేది దేశంకాని దేశంలో ఉన్న బ్యాంకు. పుచ్చుకునేది ఢిల్లీ. ఖర్చుపెట్టేది హైదరాబాదు. గట్టు మీద ఇళ్ళుండకూడదన్న షరతు బ్యాంకుది."

"ఖాళీ చేసేది మనం," అంది పక్కింటి సూర్యకాంతం. "తలో పనీ బాగానే పంచేరు మాస్టారూ."

జనం నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, మళ్ళీ ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

"అప్పు కాగితాల మీద ఇంకా సంతకాలు అవలేదు. అవకముందే మన శాసనసభకి అర్జీ పెడదాం. సభలో అర్జీలు చూసే కమిటీ ఉంటాది. వాళ్ళు వచ్చి చూసి, సభ తరపున ఢిల్లీకి రాస్తే, ఢిల్లీ వాళ్ళు బ్యాంకుతో మాటాడొచ్చు."

"మాటాడొచ్చా, మాటాడాలా మాస్టారూ?" అని అడిగింది ఎలీసమ్మ.

"మాటాడొచ్చమ్మా. మాటాడి తీరాలని ఎక్కడా లేదు."

ఆ మాట ఎలీసమ్మ గుండెలో ముల్లులా ఉండిపోయింది. అయినా అర్జీ మీద అందరితోపాటు వేలిముద్ర వేసింది. పంపిన అర్జీకి జవాబు రాదనే అనుకున్నారు. వచ్చింది. సంక్రాంతి వెళ్ళాక కమిటీ వారు స్వయంగా వస్తున్నారని కబురు.

అది తెలిసిన మర్నాడు సోమేశ్వరరావుగారు గట్టు మీదకి వచ్చారు. ఆయన కోపంగా మాట్లాడడం ఆ పాలెంలో ఎవరూ వినలేదు. ఎలీసమ్మ ఇంటి ముందు నిలబడి, చేతికర్ర మీద రెండు చేతులూ ఆన్చి పలకరించారు.

"ఎలీసమ్మా, హైదరాబాదునుంచి పెద్దలొస్తున్నారంట కదా."

"ఆయ్. మాస్టారు చెప్పేరండి."

"మంచిదే. మనూరికి వచ్చినవాళ్ళకి మనం మర్యాద చెయ్యాలి. సున్నం పంపిస్తాను. గట్టు మీద చెట్లకి కొట్టుకోండి. తోటలో కూడా కొట్టండి, వాళ్ళు తోట కూడా చూస్తారు కదా."

"అలాగేనండి."

"యాకోబు ఎలా ఉన్నాడు? మొన్న చెట్టు మీంచి జారేడన్నారు."

"మడమ బెణికిందండి. తగ్గిందండి."

"జాగ్రత్తగా ఉండమను. కొత్తపేటనుంచి దింపువాళ్ళు వస్తామని ఒకటే గొడవ చేస్తున్నారు. మనవాళ్ళు ఉండగా వాళ్ళెందుకని నేనే ఆపుతున్నాను."

అంతే అని వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక చాలాసేపు ఎలీసమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆయన అన్నదాంట్లో తప్పుపట్టడానికి ఒక్క మాటా లేదు. భయపడడానికి మాత్రం అన్నీ ఉన్నాయి.

సున్నం వచ్చింది. చెట్లకి సున్నం కొట్టడం ఆ పాలేనికి కొత్త కాదు. బిషప్పుగారు వచ్చినా, క్రిస్మస్ వచ్చినా, ఎవరింట్లోనైనా పెళ్ళయినా, దారి పొడవునా చెట్ల మొదళ్ళకి మనిషెత్తున సున్నం కొడతారు. ఇంట్లో కుర్చీ లేనివాళ్ళకి, పెట్టడానికి పళ్ళెం లేనివాళ్ళకి, వచ్చినవాళ్ళకి చేయగలిగిన మర్యాద అదొక్కటే. కొబ్బరి పీచుతో కుంచెలు కట్టుకుని ఆడవాళ్ళందరూ తోటలోకి దిగారు.

"ఇంత తెల్లగా నా పెళ్ళికి కూడా కొట్టలేదే," అంది సూర్యకాంతం.

"నీ పెళ్ళికి అసెంబ్లీ వచ్చిందేటి మరి," అంది ఎలీసమ్మ.

"మా ఆయన్నే బలవంతంగా తీసుకొచ్చేరు, అసెంబ్లీ ఎక్కడ."

నవ్వుకుంటూ, చీరలు ఎగదోపుకుని, చెట్టు చెట్టుకీ తిరిగారు. ఎలీసమ్మ చెయ్యి బాగా సాగేది. ఎక్కడా చార కనపడకుండా, మొదలు కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ రెండో పూత కొట్టింది. సాయంత్రం గట్టెక్కి వెనక్కి చూసుకుంటే తోటంతా ఆదివారం గుడికొచ్చిన పిల్లల్లా ఉంది. చాలారోజుల తరవాత ఆవిడ మనసు తేలిక పడింది.

కమిటీ వారు జీపుల్లో వచ్చారు. అందరూ ఉతికిన చీరలు, ఉతికిన పంచెలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. దీనమ్మని మాత్రం ఇంట్లోనే ఉంచారు. పెద్దలొచ్చినప్పుడు జబ్బుగా ఉన్నవాళ్ళనీ, అవిటివాళ్ళనీ ఎదుట పెట్టడం బాగుండదని అక్కడ వాడుక. మందిరం బెంచీలు తెచ్చి వేశారు, బొండాలు కొట్టి ఇచ్చారు.

కమిటీకి పెద్ద కేశవరావుగారని, ఎక్కడో కరువు జిల్లానుంచి గెలిచిన మనిషి. తలంతా నెరిసింది, మాట నిదానం. గట్టు మీద ఇళ్ళన్నీ చూశాడు, ఏరు చూశాడు. తరవాత తోటలోకి నడిచాడు. వెనకాల ఎమ్మార్వోగారు, ఇంజినీరుగారు, సోమేశ్వరరావుగారు, సాలమోను మాస్టారు, ఆ వెనక జనం.

"ఎంత బాగుందయ్యా ఈ చోటు," అన్నాడు కేశవరావుగారు తెల్లని చెట్ల మధ్య నిలబడి. "మా వైపు ఇలాంటి నీడలో ఇల్లు ఇస్తామంటే నేనే ముందు వరసలో నిలబడతాను. ఇక్కడికి నీళ్ళొస్తాయనా వీళ్ళ అర్జీ?"

ఎమ్మార్వోగారు వరద తరవాత బదిలీ మీద వచ్చిన మనిషి. ఆయన చుట్టూ చూశాడు. "కొద్దిగా వచ్చుంటాయండి. పెద్దగా నిలిచిన జాడలేవీ లేవు. మీరే చూడండి, చెట్లమీద మరక కూడా లేదు."

గుంపులో వెనక నిలబడ్డ ఎలీసమ్మకి ఆ మాట వినపడింది.

ఆవిడ దగ్గర్లో ఉన్న చెట్టు వైపు చూసింది. దాని పక్క చెట్టు వైపు చూసింది. తోటంతా తెల్లగా ఉంది. మొన్నటిదాకా ప్రతి మాను మీదా ఉన్న ఆ గీత, తను రోజూ చూసి భయపడిన ఆ గీత, ఎక్కడా లేదు. తన చేత్తో తనే, రెండు పూతలు కొట్టి మరీ, కప్పేసింది. చెయ్యి చాచి పక్కనున్న సూర్యకాంతం చెయ్యి పట్టుకుంది. సూర్యకాంతానికి కూడా అప్పుడే తెలిసినట్టుంది, ఆవిడ ముఖం పాలిపోయింది.

ఎలీసమ్మ ఎప్పుడు ముందుకి నడిచిందో ఆవిడకే తెలియదు. ఒక చెట్టు దగ్గరికి వెళ్ళి గోళ్ళతో సున్నం గీకింది. గోళ్ళు విరిగాయి. కింద పడున్న కొబ్బరి డొక్క ముక్క తీసుకుని రుద్దింది. సున్నం పెచ్చుపెచ్చులుగా ఊడి వచ్చింది. దానితోపాటు దాని కింద అంటుకుని ఉన్న బురద కూడా ఊడి వచ్చింది. మిగిలింది ఒట్టి మాను. ఇంకో చెట్టు దగ్గరికి పరిగెత్తింది. అక్కడా అంతే.

"ఏం చేస్తోందావిడ?" అన్నారు ఎవరో.

కేశవరావుగారు దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, ఏమిటిది?"

"ఇక్కడ బురద గీతుండేదండి. అన్ని చెట్లకీ ఉండేదండి. మేమే కప్పేశామండి."

"ఎందుకు కప్పేశారు?"

"మీరొస్తున్నారనండి."

సోమేశ్వరరావుగారు మెల్లగా, జాలిగానే అన్నారు. "అమాయకులండి. మర్యాదంటే ప్రాణం పెడతారు."

ఆయన కావాలనే సున్నం పంపారా, ఊరికే పంపారా అన్నది ఎలీసమ్మకి ఆ రోజూ తెలియలేదు, ఆ తరవాతా తెలియలేదు. ఎవరు పంపినా, కొట్టింది మాత్రం పాలెం ఆడవాళ్ళే.

కేశవరావుగారు బెంచీ తెప్పించుకుని ఆ చెట్టు కిందే కూర్చున్నాడు. తనతో వచ్చిన గుమాస్తాని పక్కన కూర్చోమన్నాడు. తరవాత అందరికీ వినపడేలా చెప్పాడు.

"అమ్మా, మీకు ఉన్నమాట చెప్తాను. ఈ అప్పు ఢిల్లీకీ బ్యాంకుకీ మధ్య ఒప్పందం. అందులో మా సభ సంతకం లేదు. మేం కాదంటే ఆగేదీ కాదు, ఔనంటే జరిగేదీ కాదు. మా చేతిలో ఉన్నది ఒక్కటే. ఇక్కడ చూసిందీ, విన్నదీ రాసి సభ ముందు పెడతాం. సభ ఒప్పుకుంటే అది సభ మాటగా ఢిల్లీకి వెళ్తుంది. అక్కడినుంచి బ్యాంకుకి వెళ్ళాలి. చూసింది రాయమంటే తెల్లటి చెట్లు చూశామనే రాయాలి, అబద్ధం రాయలేను. విన్నది రాయాలంటే ఎవరు చెప్పారో పేరు రాయాలి. పేరు లేని మాట అంతదూరం వెళ్ళదమ్మా. దారిలో ఎవరో ఒకరు పక్కన పెట్టేస్తారు."

గుమాస్తా కలం మూత తీశాడు.

అందరూ సాలమోను మాస్టారి వైపు చూశారు. అర్జీ రాసింది ఆయనే, నాలుగు ముక్కలు చెప్పగలిగిందీ ఆయనే. మాస్టారు ఎమ్మార్వోగారిని చూశాడు, సోమేశ్వరరావుగారిని చూశాడు.

"నేను గవర్నమెంటు ఉద్యోగినండి," అన్నాడు చాలా చిన్నగా. "నేను చెప్పకూడదండి."

ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. ఎవరి ఇంట్లో ఉన్న భయం వాళ్ళకి తెలుసు. జనం నేల చూపులు చూస్తున్నారు. సోమేశ్వరరావుగారు మాత్రం అందరినీ ఒక్కొక్కరిగా చూస్తున్నారు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకునే పెళ్ళిపెద్దలా.

యాకోబు వెనకనుంచి వచ్చి ఎలీసమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. "వద్దే. నీకు దండం పెడతాను. దింపు పోతాది."

"దింపు పోతే ఇంకో పని చూసుకుందాం."

"ఎక్కడ చూసుకుంటావే. ఆయన తోట దాటి నేనెక్కడెక్కేను."

ఆవిడకి ఆ మాట నిజమని తెలుసు. వెనక్కి తిరిగి గుంపులో కలిసిపోదామనే అనుకుంది. కానీ తిరిగితే ఎదురుగా గట్టు కనపడింది, గట్టు మీద తన ఇల్లు, ఆ ఇంట్లో చాటుగా కూర్చోబెట్టిన పిల్ల. రేపు ఆ పిల్ల ఈ పల్లంలో కూర్చుని ఉంటుంది. నీళ్ళు వచ్చినప్పుడు తను కూలికి ఏ చేలో ఉంటుందో, యాకోబు ఏ చెట్టు మీద ఉంటాడో. మెట్టు ఎక్కలేని పిల్ల గట్టు ఎలా ఎక్కుతుంది?

"రాయండి," అంది.

"ఏం రాయమంటావమ్మా?"

"పోయిన వరదకి నేనిక్కడే ఉన్నానండి. మా అమ్మాయి కాళ్ళు పనిచెయ్యవండి. ఆకులు నేసుకుంటా ఇక్కడ కూచుందండి. నీళ్ళొచ్చేసేయి. భుజాన ఎక్కించుకున్నానండి. పీకల్లోతండి. పిల్ల నా జుట్టు పట్టుకుని ఏడవడం కూడా మానేసిందండి. చెట్టు చెట్టూ పట్టుకుని గట్టు కాడికొచ్చేను. గట్టుంది కాబట్టి బతికేమండి. మమ్మల్ని ఇక్కడ పెడితే మళ్ళీ వరదకి మా పిల్ల బతకదండి."

"గట్టు బలంగా కడతారు కదమ్మా. ఇక తెగదు కదా," అన్నారు ఇంజినీరుగారు. ఆయన గొంతులో వెటకారం లేదు.

"పోయినసారీ తెగదనే అన్నారండి."

గుమాస్తా రాస్తూ తల ఎత్తలేదు. "పేరు?"

ఎలీసమ్మ తల తిప్పింది. సోమేశ్వరరావుగారు ఆవిడనే చూస్తున్నారు. ఆయన ముఖంలో కోపం లేదు.

"ఎలీసమ్మండి. కొల్లాబత్తుల యాకోబు భార్యనండి."

యాకోబు కళ్ళు మూసుకున్నాడు.

కమిటీ వెళ్ళాక ఆవిడ అనుకున్నదేదీ వెంటనే జరగలేదు. మర్నాడు ఎప్పటిలాగే యాకోబుకి దింపుకి పిలుపు వచ్చింది. ఆ వారమూ వచ్చింది, పై వారమూ వచ్చింది. సోమేశ్వరరావుగారు ఎదురుపడితే బాగున్నావా అని అడిగేవారు. దానితో ఎలీసమ్మ భయం పెరిగిందే గానీ తగ్గలేదు. పొద్దున్న యాకోబు చెట్టెక్కే బంధం భుజాన వేసుకుని వెళ్తే, తిరిగొచ్చేదాకా చెట్ల తలల వైపే చూస్తూ ఉండేది. ఎండలు ముదిరాక, ఒకరోజు కొత్తపేటనుంచి దింపువాళ్ళు వచ్చారు. యాకోబుని ఎవరూ వద్దనలేదు, ఎవరూ పిలవలేదు. అతను ఐ.పోలవరం వైపు చెరువులు తవ్వే పనికి పోయాడు. వారానికోసారి ఇంటికొచ్చేవాడు, అరచేతులు చూసుకుని పడుకునేవాడు.

సాలమోను మాస్టారు ఆ రోజునుంచి తల దించుకునే తిరిగేవాడు. ఒక సాయంత్రం పేపరు పట్టుకుని గబగబా గట్టెక్కాడు.

"సభలో పెట్టేరు. ఒప్పుకున్నారంట. గట్ల మీదున్నవాళ్ళని పల్లపు చోట్లకి మార్చేముందు ముంపు సంగతి తేల్చాలని ఢిల్లీని కోరేరు. ఆ మాట బ్యాంకుకి కూడా చెప్పమని కోరేరు."

"కోరమని కోరేరన్నమాట," అంది సూర్యకాంతం. "మందిరం అయ్యగారు మన కోసం ప్రార్థన చేసినట్టు."

"అంతేనమ్మా. అంతకంటే వాళ్ళ చేతిలో లేదు."

"వాళ్ళందరూ ఒప్పుకున్నా కూడా అంతేనా మాస్టారూ?" అంది ఎలీసమ్మ. "అంతమంది ఎమ్మెల్యేలు చేతులెత్తినా?"

"అంతమందీ ఎత్తినా."

ఆ వర్షాకాలం ఎర్రగుర్తుల గోడల మధ్యనే గడిచింది. ఖాళీ చెయ్యమని ఎవరూ రాలేదు, చెయ్యక్కర్లేదని కూడా ఎవరూ చెప్పలేదు. గట్టు మీద జీపు చప్పుడు వినపడితే చాలు ఎలీసమ్మ పొయ్యి మీద కుండ దింపేసి బయటికొచ్చేది.

మళ్ళీ చలికాలం వచ్చాక, ఒక మధ్యాహ్నం తెల్లకారు వచ్చి ఆగింది. దిగినవాడు ఢిల్లీనుంచి వచ్చిన బ్యాంకు మనిషి. కోటు లేదు, దొర కాదు, మన రంగు మనిషే. కానీ తెలుగు ముక్క రాదు. పక్కన ఇంజినీరుగారు ఉన్నారు. దిగుతూనే అడిగారు.

"ఇక్కడ ఎలీసమ్మంటే ఎవరు?"

పాలెం అంతా బిగుసుకుపోయింది. అంత దూరంనుంచి వచ్చి పేరు పెట్టి అడిగితే అది మంచికని ఎవరూ అనుకోలేదు. ఎలీసమ్మ దీనమ్మని తలుపు వెనక్కి జరపబోయింది. దీనమ్మ జరగలేదు.

"నువ్వు చెప్పిందే కదమ్మా," అంది ఆ పిల్ల. "దాక్కుంటే ఎలా?"

ఎలీసమ్మ బయటికి వచ్చింది. ఇంజినీరుగారు ఆయన మాటలు తెలుగులో చెప్పారు. "నీ మాట వీళ్ళ దాకా వెళ్ళిందమ్మా. మన శాసనసభ పంపిన దాంట్లో ప్రజలు అన్నారు, స్థానికులు అన్నారు అని చాలా ఉందంట. మనిషి పేరుతో ఉన్నది నీ మాటొక్కటేనంట. అందుకని నిన్ను చూడాలని వచ్చేరు. పీకల్లోతు అన్నావంట. పీకల్లోతంటే ఎంతో చూపించమంటున్నారు."

అందరూ తోటలోకి దిగారు. సున్నం సగం రాలిపోయి చెట్లు చారలు చారలుగా ఉన్నాయి. ఎలీసమ్మ వరద రోజు దీనమ్మ కూర్చున్న చోటు వెతికి, అక్కడ నిలబడింది. వాళ్ళతో వచ్చిన పనివాడు పొడుగాటి కర్ర ఒకటి తెచ్చి పక్కన నిలబెట్టాడు.

"ఎక్కడిదాకా వచ్చేయో చేత్తో చూపించు. కర్ర మీద అక్కడ గీత పెడతారు. ఇక్కడ ఇళ్ళు ఇవ్వాలంటే ముందు ఆ గీత దాకా మట్టి పొయ్యాలి, పోసేదాకా మిమ్మల్ని గట్టు మీంచి కదపకూడదు, అలాగని వీరు రాస్తారు," అని చెప్పారు ఇంజినీరుగారు.

ఎలీసమ్మకి చెవుల్లో మళ్ళీ నీటి చప్పుడు మొదలైంది. పాలెం అంతా ఎక్కడ నిలబడి బతకాలో తన చెయ్యి ఆగిన చోట తేలుతుంది. అంత పెద్ద సభ చెయ్యలేని పని ఇప్పుడు తన చెయ్యి చెయ్యాలి.

"తల మీద పెట్టవే," అన్నాడు, ఆ రోజు ఇంటికొచ్చి ఉన్న యాకోబు, గొంతు తగ్గించి. "ఎంతెత్తయితే అంత మంచిది. ఎవరు చూడొచ్చేరు."

సూర్యకాంతం కూడా పైకి, పైకి అని కళ్ళతో సైగ చేస్తోంది.

పెట్టొచ్చు. కానీ అది ఎక్కువ చెప్పిందని రేపు ఎవరైనా తేలిస్తే, పేరుతో వెళ్ళిన ఆ ఒక్క మాటా అబద్ధమవుతుంది. అప్పుడు ఎవరూ ఏదీ నమ్మరు. తక్కువ చూపిస్తే పిల్ల మునుగుతుంది. ఇంతకీ ఆ రోజు నీళ్ళు ఎక్కడున్నాయి? గడ్డం కింద చల్లగా తగిలింది గుర్తుంది. నోట్లోకి రాకుండా మెడ సాచింది గుర్తుంది. కాళ్ళు? ఆవిడ కళ్ళు మూసుకుంది. కాళ్ళు మునివేళ్ళ మీద ఉన్నాయి.

ఎలీసమ్మ మునివేళ్ళ మీద లేచింది. చేతిని గడ్డం కింద అడ్డంగా పెట్టింది.

"ఇలాగే నడిచేనండి," అంది.

బ్యాంకు మనిషి ఆవిడ మడమల వైపు ఒకసారి చూశాడు. తలూపాడు. పనివాడు కర్ర మీద గీత పెట్టి, ఆ కర్రని అక్కడే లోతుగా పాతాడు.

కారు వెళ్ళిపోయాక ఎలీసమ్మ మామూలుగా నేల మీద నిలబడి చూసుకుంది. గీత పెదవుల దగ్గరికి వచ్చింది. అంతేనా, అనిపించింది. ఆ వరద కంటే పెద్ద వరద వస్తే? తలమీద పెట్టి ఉంటే?

ఒప్పందం మీద సంతకాలయ్యాయని తరవాత మాస్టారు చెప్పాడు. మట్టి పోయాలన్న షరతు అందులో చేరిందన్నాడు. ఆ మూల చెట్లు కొట్టేశారు. వేసవిలో లారీలు వచ్చి మట్టి పోశాయి, కొన్నాళ్ళు ఆగాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ ఆగాయి. గట్టు మీద ఇళ్ళు అలాగే ఉన్నాయి, ఎర్రగుర్తులూ అలాగే ఉన్నాయి.

ఎలీసమ్మ పనినుంచి వస్తూ రోజూ ఆ కర్ర దగ్గర ఆగుతుంది. పక్కన పోసిన మట్టి ఎంత ఎత్తు వచ్చిందో ఒంటితోనే చూసుకుంటుంది. మొన్న నేను ఆ పాలెం వెళ్ళినప్పుడు కూడా అక్కడే నిలబడి ఉంది. మట్టి మోకాళ్ళ దాకానే వచ్చింది. ఏరు కొత్తనీటితో ఎర్రబడింది. గట్టు మీద దీనమ్మ ఆకులు నేస్తూ, మధ్యమధ్య తలెత్తి తల్లిని చూస్తోంది.

మట్టా జయమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది బండారులంకలో, మా చెల్లెలి ఇంటి దగ్గర.